వీపుల గోడ

పాత మార్కెట్‌కు ముందువైపు వీధిలో, గడియారాలు బాగుచేసే కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని యజమానురాలిని మార్కెట్ మార్కెట్టంతా నవ్వొద్దత్త అంటుంది. కార్డులకూ దరఖాస్తులకూ అతికించే ఫొటోల్లో నవ్వు పనికిరాదని ఆఫీసుల వాళ్ల పట్టు. అందుకని ఆవిడ మనిషిని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాలు సరిచేసి, గడ్డం పట్టుకుని పిసరంత పైకెత్తి, కెమెరా వెనక్కి వెళ్లి "నవ్వొద్దు" అంటుంది. ఆ మాట చెవిన పడగానే ఎంత చిటపటలాడే మనిషికైనా నవ్వు ఆగదు. ఆవిడకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "నవ్వొద్దన్నానా!" అని గదమాయిస్తుంది. దాంతో ఇంకా నవ్వొస్తుంది. అలా నవ్వి, తిట్లు తిని, చివరికి మొహం గంటు పెట్టుకుని ఆ స్టూలు మీద ఫొటో దిగని వాళ్లు మార్కెట్‌లో దాదాపు లేరు.

పని ఆవిడకు నాన్న నేర్పాడు. ఆయన రోజుల్లో నెగెటివ్‌ను ఏటవాలు బల్ల మీద పెట్టి, కింద అద్దంతో వెలుతురు పట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో మొహాల మీది మచ్చలు పూడ్చేవాళ్లు. గౌన్లు వేసుకునే వయసులోనే ఆవిడ ఆ బల్ల ముందు కూర్చుని స్ఫోటకం మచ్చలు మాయం చేసింది, కళ్ల కింద నలుపు తీసేసింది, అతుక్కోని కనుబొమలను అతికించింది. "మన కొట్లోకి వచ్చినవాళ్లు వచ్చినప్పటికంటే చక్కగా బయటికెళ్లాలి" అని నాన్న రోజూ అనే మాట. పెన్సిల్ పోయి కంప్యూటర్ వచ్చాక కూడా ఆవిడ ఆ మాట వదల్లేదు. మౌస్ పట్టుకుంటే ఆవిడ వేళ్ల ముందు మచ్చ అనేది ఆగదు.

ఈ ధాటికి ఒకసారి టీకొట్టు ఆయన బలైపోయాడు. ఆయనకు ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. ఆవిడ దాన్ని శుభ్రంగా తీసేసింది. ఆ ఫొటో పట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్తే, కాగితంలో రాసిన పుట్టుమచ్చ ఫొటోలో లేదని గుమాస్తా వెనక్కి పంపేశాడు. ఆయన వచ్చి లబోదిబోమంటే ఆవిడ రవ్వంత కూడా తగ్గలేదు. "మచ్చ లేకపోతే ఎంత బాగున్నావో చూసుకోవయ్యా ముందు" అంది. ఆ ఫొటోను ఆయన టీకొట్లో గల్లాపెట్టె పైన తగిలించుకున్నాడు. కాబట్టి ఆవిడ అన్నది పూర్తిగా అబద్ధమని కూడా చెప్పలేం.

అలాంటి ఆవిడ చేతికి మార్కెట్ ఫొటోలన్నీ అప్పజెప్పింది ఎవరంటే, స్వయానా కోడలే. కోడలు పెద్దవీధి గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఆ ఏడాది పాత మార్కెట్‌కు మరమ్మతులు మొదలయ్యాయి. ఇనప స్తంభాల మీద నిలబడ్డ పొడవాటి రేకుల కప్పు, అరుగులు, రాతి నేల, వెనక లారీలు ఆగే దొడ్డి, అన్నీ బాగుచేయాలి. పని చూసే ఇంజనీరమ్మ తెలివైన మనిషి. బాగుచేసే పేరుతో పాతదంతా ఊడ్చిపారేస్తే మిగిలేది మార్కెట్ కాదని ఆమెకు తెలుసు. ఏది ఉంచాలో తనకు తెలియదనీ తెలుసు. కోడలు ఒక ఉపాయం చెప్పింది. మార్కెట్‌లో బతికే వాళ్లకే చిన్న చిన్న కెమెరాలు ఇద్దాం, ముట్టుకోకూడదు అనుకున్న వాటిని వాళ్లనే ఫొటోలు తీయమందాం, పెద్దవిగా అచ్చువేసి ఆయా చోట్ల అంటిద్దాం, పని అయిపోయాక ఆ ఫొటోలన్నీ మార్కెట్‌లోనే తాళ్లకు కట్టి ఊరందరికీ చూపిద్దాం అని. ఇంజనీరమ్మ సరేనంది. తాపీ మేస్త్రికి ఒక్క మాటలో పని చెప్పింది. "ఫొటో అంటించిన చోట, ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఫొటో లేని చోట గీకి సున్నం కొట్టెయ్."

"అత్తయ్యా, వాళ్లకు ఫొటో తీయడం మీరు నేర్పాలి. అచ్చు కూడా మీరే వేయాలి" అంది కోడలు.

"నీ గ్రంథాలయం వాళ్లకు నేనే దొరికానా?"

"మీకంటే బాగా ఇంకెవరు చేస్తారు?"

ఈ ఒక్క మాట అంటే చాలు, అత్త కరిగిపోతుందని కోడలికి ఎప్పటినుంచో తెలుసు.

నవ్వొద్దత్త స్టూడియోలో చాపలు పరిచి పాఠాలు మొదలుపెట్టింది. మొదటి వారం వచ్చిన ఫొటోలు చూసి తల పట్టుకుంది. ఎవరికి వాళ్లు తాము కాపాడాలనుకున్న వస్తువుకు సరిగ్గా అడ్డంగా నిలబడి, చేతులు కట్టుకుని, గడ్డం పిసరంత పైకెత్తి, నవ్వకుండా ఫొటో తీయించుకున్నారు. ఇన్నేళ్లూ ఆవిడ నేర్పింది మరి అదే! "మీ మొహాలు నాకు కొత్తా? పక్కకు తప్పుకోండి, వెనకున్నది కనపడనివ్వండి" అని అరిచింది. తప్పుకున్నారు. అప్పుడు బయటపడింది మార్కెట్.

కత్తులు నూరే ఆయన ఒక రాతిమెట్టును తీశాడు. వాళ్ల తాతల నుంచీ కత్తికి చివరి పదును ఆ మెట్టు అంచు మీదే పెట్టేవాళ్లు. అంచు అరిగి దోసిలిలా గుంట పడింది. ఉల్లిపాయల అక్క పైన వేలాడే కొక్కేన్ని తీసింది. ఆమె అమ్మ తక్కెడ తగిలించిన కొక్కెం అది. దర్జీ రేకుల్లో ఉన్న కన్నాన్ని తీశాడు. దానిలోంచి పడే ఎండ బిళ్ల కుట్టుమిషను చక్రం మీదికి వస్తే ఆయనకు భోజనం వేళ అయినట్టు. ఆ కన్నం మూసేస్తే తన కడుపు మాడిపోతుందని గోల. పక్కపక్కనే పుట్టి పెరిగిన వాళ్లు ఒకరి ఫొటో ఒకరు చూసుకుని, "ఇదెక్కడుంది? రోజూ దీని కిందినుంచేగా నడుస్తున్నాం!" అని నోళ్లు వెళ్లబెట్టారు. సాయంత్రాలు బేరాలు అయ్యాక జనం ఒకరి అరుగు దగ్గరికి ఒకరు వెళ్లి చూసి రావడం అలవాటైంది. దర్జీ కన్నం దగ్గరైతే మిట్టమధ్యాహ్నం గుంపు. నవ్వొద్దత్త గొప్ప ఏమని చెప్పాలి! ఆ నెలంతా ఆవిడ నడక మారిపోయింది. దారిలో ఎవరు పలకరించినా, "మావాళ్లు తీస్తున్నారు ఫొటోలు, వచ్చి చూడండి" అనేది.

ఆఖరున వచ్చాడు మూటల తాత. వెనక దొడ్లో లారీలనుంచి బస్తాలు దించే హమాలీల ముఠాకు ఆయనే పెద్ద. మెడ వెనక కాయ కాసి, వీపు కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఆవిడ నాన్న కాలంనుంచీ ఎరిగిన మనిషి కాబట్టి ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన కెమెరాను కోడిగుడ్డులా రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే తీశాను. అడ్డం ఎవరూ లేకుండా, అందరూ తిండికి వెళ్లినప్పుడు తీశాను. అచ్చు వెయ్" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచలేదు. చూస్తే తెలిసిపోయే విషయమే కదా అని ఆయన ధీమా.

ఫొటోలో ఒక గోడ ఉంది. అంతే. దొడ్డి వెనక గోడ, కొంచెం ఒరిగి వచ్చింది. గోడ పొడుగునా మనిషి భుజాల ఎత్తులో నల్లటి మరకలు వరసగా ఉన్నాయి. కొన్ని పైకి, కొన్ని కిందికి, ఒకటి రెండు జిడ్డుతో మెరుస్తూ. నవ్వొద్దత్త దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆ మార్కెట్ నీడనే ఆవిడ జన్మంతా గడిచింది గానీ, ఆ దొడ్లోకి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. ముందు వీధిలోంచి రావడం, ముందు వీధిలోంచి పోవడం. హమాలీలను ఆవిడ చూసింది ఉతికిన చొక్కాలతో, తడి దువ్విన జుట్టుతో, తన స్టూలు మీదే.

ఆవిడకు తాత మీద జాలి కలిగింది. పాపం, చెయ్యి వణికింది, ఏం తీయాలో తెలియలేదు, మురికి గోడ పడింది. అందరి ఫొటోల మధ్య ఇది వేలాడితే జనం నవ్వరూ? బాబాయ్ నలుగురిలో చిన్నబోతే చూస్తూ ఊరుకుంటానా! ఆ మధ్యాహ్నమంతా స్టూడియో తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ముందు ఒరిగిన గోడను నిలబెట్టింది. తర్వాత మరకలు ఒక్కొక్కటీ తీసింది. సున్నం పొర తీరు చెడకుండా, రాళ్ల మధ్య గీతలు చెరిగిపోకుండా, ఎండ ఎటునుంచి పడుతోందో చూసుకుంటూ, ఓపికగా తీసింది. మామూలు చెయ్యికి కాని పని అది. అయ్యాక దూరంగా జరిగి చూసుకుంటే పాలమీగడలాంటి గోడ. నాన్న ఉంటే వీపు తట్టేవాడని కళ్లు చెమర్చాయి కూడా. అచ్చు వేసి, కంప్యూటర్‌లో పాత ఫొటో మీదే కొత్తది దాచేసి, కెమెరా వేరేవాళ్లకు ఇవ్వాలి కాబట్టి అందులోదీ తుడిచేసింది. సరిచేశాక పాతది ఉంచుకోకపోవడం ఆవిడకు మొదటినుంచీ అలవాటు. పెన్సిల్ పెట్టిన నెగెటివ్‌కు వెనక్కి పోవడం ఎక్కడుంది?

ఆ సాయంత్రమే కోడలు వచ్చి అచ్చులన్నీ కట్టగట్టి తీసుకెళ్లింది. చూసే తీరిక కూడా లేదు పిల్లకు. ఇంజనీరమ్మ మనుషులు వాటిని ఆయా చోట్ల అంటించారు.

మర్నాడు బేరాలు ఊపందుకునే వేళకు నవ్వొద్దత్తకు మనసు నిలవలేదు. గోడ మీద తన పనితనం ఎలా ఉందో చూసుకోవాలి. స్టూడియో చూస్తుండమని గడియారాల ఆయనకు చెప్పి, ముందు ద్వారంలోంచి దూరి, అరుగులన్నీ దాటి, జన్మలో మొదటిసారి వెనక దొడ్లో అడుగుపెట్టింది. లారీ ఒకటి దింపుడులో ఉంది. గోడ మధ్యలో ఆవిడ సరిచేసిన ఫొటో ఠీవిగా అంటించి ఉంది. తాపీ మేస్త్రి గోడకు ఒక కొసనుంచి పని మొదలుపెట్టాడు. సున్నం కుంచె పట్టుకుని, ఒకసారి ఫొటో చూస్తూ, ఒకసారి గోడ చూస్తూ, ఎంతో శ్రద్ధగా పూస్తున్నాడు. పూసినంత మేరా గోడ అచ్చం ఫొటోలోలాగే తెల్లగా వస్తోంది.

"భలే వస్తోందయ్యా మేస్త్రీ!" అంది ఆవిడ పొంగిపోయి.

"ఫొటో చూసుకుంటూ చేస్తున్నా కదమ్మా. ఏమాత్రం తేడా రానివ్వను" అన్నాడు అతను.

అప్పుడే మూటల తాత లారీ దగ్గర బస్తా దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ గోడ వైపు వచ్చాడు. గోడకు వీపు చేసి తిరిగాడు. ఆనుకోవడానికి ఒక అడుగు వెనక్కి వేసి, ఏదో తడి తగిలినట్టై ఆగాడు. తిరిగి చూశాడు.

"గోడేదీ?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. గోడ ఎదురుగానే ఉంది.

"మా నాన్న చోటేదీ?" అన్నాడు తాత. తడిసున్నం మీద చెయ్యి పెట్టాడు. "ఇక్కడే కదా ఆయన ఆనుకునేది. మూట దించగానే వచ్చి ఇక్కడే వీపు ఆన్చేవాడు. ఆయన పోయాక నేను ఆన్చాను. ఇక్కడేమో తవుడు బస్తాల వాడిది, పొట్టివాడు, అందుకే కిందికుండేది. అదిగో అక్కడ నిగనిగలాడుతుండేది నూనె డబ్బాలు మోసేవాడిది. చెమటా నూనే కలిసి పట్టింది. ముఠాలో ఎవరి చోటు వాళ్లదే. ఒకరి చోట ఇంకొకరు ఆనరు. ఈ వరస చూస్తే మా ముఠా అంతా నిలబడ్డట్టే ఉంటుంది. ఇది ఉంచమనే కదా ఫొటో తీసిచ్చాను!"

నవ్వొద్దత్త ఇంకా సున్నం పడని వైపు చూసింది. ఇప్పుడు కనపడ్డాయి. మరకలు కావవి, వీపులు. పొడుగు వీపులు, పొట్టి వీపులు, ఒక పక్కకు ఒరిగిన వీపు. మనుషులు ఇప్పుడే లేచి పనికి వెళ్లినట్టున్నాయి. నిన్న మధ్యాహ్నం ఒక్కొక్క వీపునూ ఆవిడే ఓపిగ్గా తుడిచేసింది.

"నన్నంటారేంటి? ఫొటోలో ఉన్నట్టే చేశాను" అన్నాడు మేస్త్రి బిక్కమొహం వేసి.

తాత ఫొటో దగ్గరికి వెళ్లి చూశాడు. "ఇది నేను తీసింది కాదు" అన్నాడు.

ఆవిడకు ఆ క్షణంలో తప్పించుకునే దారి లేకపోలేదు. ఫొటో మారిపోయిందనవచ్చు, కంప్యూటర్ మీదికి నెట్టేయవచ్చు. కంప్యూటర్‌కు నోరుందా? కానీ మన నవ్వొద్దత్తకు ఎన్ని లోపాలున్నా పిరికితనం మాత్రం వాటిలో లేదు.

"నువ్వు తీసిందే బాబాయ్. నేను చెడగొట్టాను. మురికి అనుకుని తుడిచేశాను. నిన్ను ఒక్కమాట అడిగితే నా సొమ్మేం పోయింది? అడగలేదు" అంది.

బస్తాలు దించుతున్న వాళ్లు ఆగిపోయారు. కబురు అరుగుల మీదుగా ముందు వీధి దాకా పాకింది. ఎవరు చెప్పారో గాని కోడలు ఒక్క పరుగున వచ్చింది.

"అసలు ఫొటో ఉందా అత్తయ్యా?"

"లేదు. తుడిచేశాను."

కోడలు ఏదో అనబోయి, అత్త మొహం చూసి ఊరుకుంది. గొప్ప కోడలనే చెప్పాలి. అనడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు.

మేస్త్రే తేరుకున్నాడు. "సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. జిడ్డు మీద అది సరిగా పట్టదు కూడా. ఆరేలోపు నీళ్లు కొట్టి తుడిస్తే వచ్చేస్తుంది. కానీ ఇప్పుడే చేయాలి" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే నవ్వొద్దత్త కొళాయి దగ్గరుంది. బకెట్ నింపింది, రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది, గోడ దగ్గర పెట్టింది, ఖాళీది తీసుకుని మళ్లీ పరిగెత్తింది. హమాలీలు గోనెసంచులు తడిపి అద్దుతున్నారు. రుద్దొద్దు, అద్దండి అని మేస్త్రి అరుస్తున్నాడు. ఉల్లిపాయల అక్క కొట్టు వదిలేసి వచ్చింది. కత్తులాయన వచ్చాడు. దర్జీ తన పీలికల మూట మొత్తం తెచ్చి కుమ్మరించాడు. జీవితంలో మూరెడు గుడ్డ ఊరికే ఇవ్వని మనిషి! ఆవిడ మాత్రం బకెట్లు వదల్లేదు. "ఇలా ఇవ్వండి అత్తా" అని ఎవరో చెయ్యి వేస్తే కసిరికొట్టింది. బట్టలన్నీ సున్నపునీళ్లు, చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది, ఆయాసంతో ఈల వేస్తోంది గుండె. స్టూడియోలో స్టూలు జరపడానికే మనిషిని పిలిచే ఆవిడ మరి.

నెమ్మదిగా తెలుపు కరిగి నేలకు జారింది. ముందు నూనె డబ్బాలవాడి వీపు వచ్చింది. తర్వాత తవుడు బస్తాలవాడిది. తర్వాత తాత వాళ్ల నాన్నది. తాత ముందుకొచ్చి చేత్తో తడిమి చూసి, పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. దొడ్డంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

కానీ కొసన ఉన్న చోటు రాలేదు. ఎంత అద్దినా కింద తెల్లటి కొత్త రాయే.

"ఆ ఒక్కటీ నేను ముందు రేకుతో గీకాను" అన్నాడు మేస్త్రి తల వంచుకుని. "జిడ్డుకు రేకు జారిపోతుంటే మిగతావి గీకడం మానేశాను."

"అది ఎవరిది?" అని అడిగింది నవ్వొద్దత్త.

ముఠాలో వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాత చెప్పాడు. "ఒంటరోడిది. అలాగే పిలిచేవాళ్లం. ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు, పెళ్లీ పెటాకులూ లేవు. పప్పుల బస్తాలు మోసేవాడు. పోయి చాలాకాలమైంది. నీ కొట్టుకు ఎప్పుడూ రాలేదమ్మాయ్. ఏ కార్డూ లేదు వాడికి, ఫొటో దేనికి? వాడిదంటూ ఉన్నది ఆ మరకే."

ఆవిడ ఆ తెల్లటి చోటు ముందు కూలబడిపోయింది. మార్కెట్‌లో ప్రతి మొహాన్నీ తన చేత్తో తీశానని గొప్పలు పోయేది కదా. తీయని మొహం ఒక్కటే. ఆ మనిషి వీపు ఫొటో ఆవిడ చేతికి వచ్చింది, ఆవిడ చేత్తోనే పోయింది.

ఆవిడ కూలబడటం చూసి మేస్త్రి మరీ నలిగిపోయాడు. "అమ్మగారూ, బాధపడకండి. మసీ నూనే కలిపి ఒక్క గంటలో మరక వేసేస్తాను. పక్కవాటితో కలిసిపోతుంది. ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు.

అందరూ ఆవిడ వైపే చూశారు. నిజానికి ఆ పని మేస్త్రికంటే ఆవిడే బాగా చేయగలదు. రంగు ఎంత ఉండాలి, అంచు ఎక్కడ పలచబడాలి, మెరుపు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆవిడకు వేళ్ల చివర ఉన్నాయి. తాత కూడా కాదనలేదు, చూస్తూ నిలబడ్డాడు.

"వద్దు" అంది నవ్వొద్దత్త. లేచి నిలబడింది. "దొంగ మరక వద్దు. ఆ మనిషి ఆనితే పడ్డది అది. నేను పూస్తే అది ఆయనది కాదు, నాది. తెల్లగానే ఉండనివ్వండి. చూసినవాళ్లు అడుగుతారు. అడిగినప్పుడల్లా నేను చెప్తాను."

అంతలోకి ఇంజనీరమ్మ వచ్చింది. జరిగింది విన్నది, గోడను ఈ కొసనుంచి ఆ కొస దాకా నడుస్తూ చూసింది, గోడకు అంటించిన ఫొటోను తనే చింపి మడిచి జేబులో పెట్టుకుంది. "గోడకు ఇక కుంచె తగలదు. తాతా, ఇంకో ఫొటో తీసిస్తారా?" అంటూ ఒక చిన్న కెమెరా చాపింది.

తాత కెమెరా అందుకోలేదు. తలగుడ్డ విప్పి దులిపాడు, మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత నవ్వొద్దత్తతో అన్నాడు:

"అమ్మాయ్, మా ముఠాలో చోటు ఖాళీగా ఉంచం. ఒకరు పోతే ఇంకొకరు ఆనుతారు. ఒంటరోడి చోట ఆనడానికి ఎవరూ రాలేదు ఇన్నాళ్లూ. నువ్వు రా."

"నేనా? నేనేం మోశాను బాబాయ్?"

"పొద్దుట్నించి నీళ్లు మోసింది ఎవరు? ముఠాలో మొదటిరోజు ఇంత మోసినవాణ్ని నేను చూడలేదు."

హమాలీలు ఘొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఒక కాలికి చెప్పుతో, మరో కాలు వట్టిదిగా, తడిబట్టలతో వెళ్లి ఆ తెల్లటి చోట వీపు ఆన్చింది. చల్లగా తగిలింది. పక్కన తవుడు బస్తాలవాడి చోట అతని కొడుకు వచ్చి ఆనుకున్నాడు. ఆ పక్కన నూనె డబ్బాల ఆయన. ఒకరి తర్వాత ఒకరు ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. ఏ వీపు ఏ మరకలో ఇమిడిపోతుందో చూసి ఉల్లిపాయల అక్క కళ్లు తుడుచుకుంది. తాత అప్పుడు కెమెరా అందుకుని, ఎదురుగా లారీ చక్రానికి ఆనుకుని నిలబడి, వాళ్లందరినీ తీశాడు. తర్వాత వాళ్లను పొమ్మని వట్టిగోడనూ తీశాడు.

ఆ రెండు ఫొటోలను నవ్వొద్దత్తే అచ్చు వేసింది. మొదటి దానిలో ఆవిడ జుట్టు పిచ్చిదానిలా రేగి ఉంది, చెంప మీద సున్నం చార. మౌస్ మీది వేళ్లు ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడ్డాయని కోడలు చెప్తుంది గానీ, ఆ చార అలాగే ఉంది.

ఆరునూరైనా ఆవిడ రోజూ మధ్యాహ్నం స్టూడియోకు తాళం వేసి దొడ్లోకి వెళ్తుంది. ముఠావాళ్లు తిండికి వెళ్లేముందు కాసేపు ఆనుకుంటారు కదా, అప్పుడు తనూ ఆనుకుంటుంది. "మరక పడాలంటే చెమట పట్టాలి అత్తా, ఉట్టినే నిలబడితే పడదు" అని ఏడిపిస్తారు. "పడేదాకా వస్తాను, నీకేం నొప్పి?" అంటుంది. ఇప్పటిదాకా గోడకు ఆవిడ అంటింది లేదు గానీ, ఆవిడ బట్టలకే రోజూ తెల్లపొడి అంటుతోందని ఇంట్లో కోడలి గోల.

మరమ్మతులయ్యాక మార్కెట్‌లో ఫొటోలు తాళ్లకు కట్టిన రోజు ఊరు ఊరంతా కదిలింది. మెట్టు గుంటలో చెయ్యి పెట్టి చూసేవాళ్లు, కన్నం కింద నిలబడి ఎండ బిళ్లను అరచేతిలో పట్టేవాళ్లు. నూనె డబ్బాల ఆయన కూతురు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ బట్టలతోనే వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని తండ్రి చోట వీపు ఆన్చి చూసుకుంది. ఆమె భుజం ఆయన మరకలో సగానికి కూడా రాలేదు. "మా నాన్న ఇంత ఎత్తా!" అంది. కన్నతండ్రిని రోజూ చూస్తూనే ఉన్న పిల్ల అన్న మాట అది.

జనం పలచబడ్డాక, పైవీధుల నుంచి వచ్చిన ఒకావిడ పిల్లల్ని వెంటబెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. వరసగా చూసుకుంటూ కొస దాకా వచ్చి, తెల్లటి చోటు దగ్గర ఆగింది. అక్కడ నిలబడి ఉన్న నవ్వొద్దత్తను అడిగింది.

"ఇక్కడేమైందండీ? ఇదొక్కటే తెల్లగా ఉంది?"

"ఇక్కడ ఒకతను ఆనుకునేవాడమ్మా. పప్పుల బస్తాలు మోసేవాడు. ఒంటరోడు అనేవాళ్లు. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు. ఆయన మరకను నేనే చెరిపేశాను" అని, ఏమీ దాచుకోకుండా మొదటినుంచీ చెప్పింది.

వచ్చినావిడ చివరిదాకా విన్నది. "అయితే మీరు ఫొటో స్టూడియో ఆవిడన్నమాట" అంది.

నవ్వొద్దత్త తల అడ్డంగా ఊపింది. భుజాలు సరిచేసుకుని, వెనక్కి ఒక అడుగు వేసి, గోడకు వీపు ఆన్చింది.

"అది ముందు వీధిలో. ఇక్కడ మాత్రం నేను ముఠా మనిషిని."